కొట్టెయ్యాల్సిన ముక్క

"రిజిస్టరులో నా పేరు కొట్టెయ్యండి అయ్యగారూ" అన్నాడు ఒబేదు.

మంగళవారం పొద్దున్న ఎనిమిది కూడా కాలేదు. మా తమ్ముడు జకరయ్య వరండాలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. నేను గుమ్మంలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఆ మాట వినేసరికి నా చేతిలో కాయ ఎగిరి కృష్ణ అవతలి గట్టున పడింది.

మా తమ్ముడు ఈ ఊరి బాప్టిస్టు సంఘానికి నలభై ఆరేళ్ళుగా పాస్టరు. ఆయన ప్రసంగం మొదలైతే మా పొయ్యి మీద పప్పు మూడుసార్లు ఉడికి మూడుసార్లు చల్లారేది. ఒబేదు ఆయన శిష్యుడు. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే వచ్చి, ఆయన కుర్చీ పక్కన చాప వేసుకుని బైబిలు వాక్యం నేర్చుకుంటున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. హార్మోనియం ముందు కూర్చుంటే కాలువలో చేపలన్నీ ఒడ్డుకొచ్చి తలలూపేవి. నమ్మకపోతే చేపల్నే అడగండి. వచ్చే నెల మొదటి ఆదివారం వాడి మొట్టమొదటి ప్రసంగం. నేను అప్పుడే జరీ అంచు చీర తీసి ఎండకి వేశాను.

సంఘం రిజిస్టరులో పేరు కొట్టెయ్యడమంటే మా దగ్గర చిన్న సంగతి కాదు. పెళ్ళికీ, చావుకీ, ప్రభువు బల్లలో రొట్టె అందుకోడానికీ అన్నిటికీ ఆ పేరే ఆధారం. పేరు పోయినవాడికి సమాధుల తోటలో ఆరడుగుల చోటు కూడా ఉండదు.

"ఎందుకురా?" అన్నాడు తమ్ముడు.

ఒబేదు నా వైపు చూశాడు.

"నేను లోపలికి వెళ్ళినా వింటాను. ఇక్కడే చెప్పెయ్, నాకు లేచే శ్రమ తప్పుతుంది" అన్నాను.

వాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. "చీరాల సంబంధం వాళ్ళు ఆదివారం వస్తున్నారు. మా అమ్మ మాటిచ్చేసింది. ఆ పిల్లని నేను మోసం చెయ్యలేను అయ్యగారూ. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. ఎప్పుడూ పోలేదు. మగవాళ్ళ మీదే. దాన్ని గే అంటారు. నేను అదే."

తమ్ముడి చేతిలో ఉప్మా ప్లేటుకీ నోటికీ మధ్య ఆగిపోయింది. అలా ఎంతసేపు ఆగిందంటే, ఆ లోపల వానాకాలం వచ్చి వెళ్ళిపోయింది. చివరికి ప్లేటు పక్కన పెట్టాడు.

"ప్రార్థన చేశావా?"

"ఆరేళ్ళు."

"ఉపవాసం?"

"మీరు చూశారుగా."

చూశాం మరి. కిందటి వేసవిలో నలభై రోజులు ఒంటిపూట మజ్జిగ మీద ఉన్నాడు. సన్నబడి సన్నబడి చివరికి వాడికి నీడ పడ్డం మానేసింది. గాలికి కొట్టుకుపోతాడని జేబులో రెండు ఇటుక ముక్కలు వేసుకు తిరగమన్నాను. దేవుని సేవ కోసం అనుకున్నామే గానీ ఇదని మాకేం తెలుసు!

"గుంటూరులో స్వస్థత కూటాలకి కూడా వెళ్ళాను" అన్నాడు. "ఆ సేవకుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశాడు. పడ్డాను. అందరూ హల్లెలూయా అన్నారు. లేచాను. చూసుకుంటే మళ్ళీ నేనే."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు చీదుకోవడం తప్ప మార్గం లేదు. చీదుకున్నాను.

"ఇప్పుడు ప్రార్థన కూడా రావట్లేదు" అన్నాడు. "ఒక పూట దేవుడికి నేను అక్కర్లేదనిపిస్తుంది. ఇంకో పూట అసలు దేవుడే లేడనిపిస్తుంది. ఆ రెండో పూటే కాస్త ఊపిరాడుతుంది. ఇలాంటివాణ్ణి పుల్పిట్టు మీద ప్రసంగానికి నిలబెడతారా? కొట్టెయ్యండి అయ్యగారూ. ఎటూ కాకుండా ఉండలేకపోతున్నాను."

తమ్ముడు లేచాడు. ఆయన మోకాళ్ళు విప్పితే వచ్చే చప్పుడుకి పెరట్లో కోళ్ళు పిడుగు పడిందనుకుని గంపల కింద దూరతాయి. లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చాడు. అట్ట మీద చెదలు, చెదల మీద దుమ్ము. నోవహు ఓడలోంచి దిగిన సామానులో అదొకటని నా అనుమానం. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదిగో, ఒబేదు. ఏడేళ్ళ కిందట, ఈస్టరు ముందు శనివారం. రాసింది నేనే."

జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. ఒబేదు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను తమ్ముడి చెయ్యి విరగ్గొట్టడానికి పీట ఎత్తాను.

తమ్ముడు పెన్ను మూత మళ్ళీ పెట్టేశాడు.

"ఇది నా ఇష్టంతో రాసింది కాదురా. నిన్ను కాలువలో ముంచాను కాబట్టి రాశాను. కొట్టెయ్యాలన్నా ముందు అక్కడికే పోవాలి. పద. అక్కా, ఒక తువ్వాలు తీసుకురా."

"ఈ చలిలోనా? నీ మోకాళ్ళు?"

"అవీ వస్తాయి."

మా ఇంటి వెనక సందు దాటితే కాలువ. రేవు మెట్ల దగ్గర మా సంఘం వాళ్ళకి బాప్తిస్మాలు ఇస్తారు. నవంబరు నీళ్ళు. కాలు పెడితే పుట్టబోయే మనవలకి కూడా జలుబు చేస్తుంది. మా తమ్ముడు డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి, "స్తోత్రం, స్తోత్రం" అని వణుకుతూ నడుం లోతుకి దిగాడు. వెనకే ఒబేదు, చొక్కా ప్యాంటుతోనే. వాడు మొహమాటానికి దిగాడో భయానికి దిగాడో, లేక గురువు ఒక్కడే కొట్టుకుపోతాడని దిగాడో తెలీదు. నేను తువ్వాలు భుజాన వేసుకుని మెట్టు మీద కూర్చున్నాను.

ఇక్కడ మా సంఘం సంగతి ఒకటి చెప్పాలి. మాకు మునక అంటే పూర్తి మునకే. మోచెయ్యి బయట ఉన్నా, జుట్టు కొస తేలినా ఆ బాప్తిస్మం చెల్లదు, మళ్ళీ ముంచాల్సిందే. అది చూడ్డానికి గట్టు మీద దానియేలు మేస్త్రిని నిలబెడతారు. ఆయన కళ్ళు ఎలాంటివంటే, కాలువ అడుగున రొయ్య కన్ను కొట్టినా పట్టేస్తాడు. ఒకసారి బొటనవేలి గోరు తేలిందని ఒక ముసలమ్మని మూడుసార్లు ముంచించాడు. ఆవిడ ఆ నెలంతా దగ్గుతూనే స్తోత్రాలు చెప్పింది.

"ఒబేదూ, ఆ రోజు నిన్ను ఎన్నిసార్లు ముంచాను?" అన్నాడు తమ్ముడు.

"రెండుసార్లు. మొదటిసారి మోకాలు తేలింది."

"రెండోసారి?"

"మొత్తం మునిగాను."

"సరే. ఇవాళ అట్నుంచి చేద్దాం. నీలో ఏ ముక్క దేవుడిది కాదో ఆ ముక్క నీళ్ళ పైన పెట్టు. మిగతాది ముంచు. పైనున్న ముక్కని కొట్టేస్తాను."

ఒబేదు బిత్తరపోయాడు. "ఆటలా ఉందా అయ్యగారూ?"

"ఈ నీళ్ళలో ఆటలాడే వయసా నాది? కానీ. నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

వాడు కాసేపు నిలబడ్డాడు. తర్వాత నీళ్ళలోకి జారి కుడిచెయ్యి ఒక్కటీ పైకెత్తాడు. ఊపిరి చాలక లేచాడు.

"చెయ్యా?" అన్నాడు తమ్ముడు.

"కాదు. చేత్తో హార్మోనియం వాయిస్తాను."

"అది ఎప్పుడో ప్రభువుకి ఇచ్చేశావు. ఇంకోటి చూడు."

రెండోసారి మెడ దాకా మునిగి తల బయట పెట్టాడు. వాడే తల అడ్డంగా ఊపాడు. "తలలోనే కదా మీరు నేర్పిన వాక్యమంతా ఉంది."

"సగం పాఠానికి నిద్రపోయేవాడివి. అయినా సరే, ఉంచుకో."

నేను మెట్టు మీద నుంచి అరిచాను, "ఒరే, పొట్ట కొట్టేయించుకోకు, నా చేపల పులుసు ఏమైపోవాలి!"

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. చెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాడు. "ఇదే అయ్యగారూ. ఇక్కడే ఉంది. మనసు."

"పైన పెట్టు మరి."

వాడు ప్రయత్నం చేశాడు. గుండె ఒక్కటీ నీళ్ళ పైన ఉంచి మిగతా ఒళ్ళు ముంచాలని చూశాడు. ఎలా కుదురుతుంది? వంగితే అదీ మునిగింది. లేస్తే అంతా లేచింది. నీళ్ళు మింగాడు, దగ్గాడు, మళ్ళీ పడ్డాడు. మూడోసారి వెనక్కి వాలాడు. వాలేసరికి తమ్ముడి అరచెయ్యి వీపు కిందకి పోయింది. నలభై ఆరేళ్ళ అలవాటు, ఆ చేతికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వాడి రొమ్ము పైకి తేలింది. దాంతోపాటు తల తేలింది. చేతులు తేలాయి. మోకాళ్ళు, పాదాలు, చొక్కా గుండీలు, అన్నీ తేలాయి. కాలువ మీద వాడు పొడుగ్గా, ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు.

"విడిగా రావట్లేదు అయ్యగారూ" అన్నాడు. "దాన్ని ఎత్తితే నేను మొత్తం వస్తున్నాను."



ఒక నీటికోడి వచ్చి చూసి వెళ్ళిపోయింది. అప్పుడు ఒబేదు, ఆకాశం మీద నుంచి కళ్ళు తిప్పకుండానే, మెల్లగా అన్నాడు.

"మీరే చెప్పారు. నాకు పదమూడేళ్ళప్పుడు. కోత పండుగ ఆరాధనలో. నాలాంటివాళ్ళకి దేవుని రాజ్యంలో పాలు లేదని గంటన్నర చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను ముందు చాప మీద కూర్చున్నాను. నేనూ ఆమెన్ అన్నాను."

నాకు ఆ ప్రసంగం గుర్తుంది. బాగా చెప్పావని ఆ రోజు తమ్ముడికి నేనే కోడి కోసి పెట్టాను. ఇది మాత్రం ఒక్క అక్షరం పెంచి రాయడం లేదు.

తమ్ముడి గడ్డం వణికింది. చలికి అనుకోండి.

"చెప్పాను" అన్నాడు. "నిన్ను చూడలేదురా."

"చూస్తే చెప్పేవారు కాదా?"

"తెలీదు. చూడలేదు."

వాడి వీపు కింద చెయ్యి అలాగే ఉంది. ఆ చేతికి కూడా కీళ్ళవాతం. నాకు తెలుసు, పొద్దున్న కాఫీ గ్లాసు ఎత్తలేడు. ఇరవై నాలుగేళ్ళ మనిషిని ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"చెయ్యి తీసెయ్యనా?" అని అడిగాడు.

"వద్దు" అన్నాడు ఒబేదు.

కాసేపటికి వాడే కాళ్ళు దించి నిలబడ్డాడు. గురువు చెయ్యి పట్టుకుని నా మెట్టు దాకా ఎక్కించాడు. నేను తువ్వాలు ఇచ్చాను. వాడు తను తుడుచుకోకుండా దాన్ని ముందు ఆయన భుజాల చుట్టూ కప్పాడు. తర్వాత కింద కూర్చుని ఆయన పంచె అంచు పిండాడు. పిండిన నీళ్ళతో మూడెకరాల వరి తడిసి ఉండాలి.

"చీరాల వాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడు పిండుతూ.

"వాళ్ళకీ మీ అమ్మకీ నేను చెప్తాను."

"మా అమ్మ మిమ్మల్ని తిడుతుంది."

"నలభై ఆరేళ్ళు అందర్నీ నేనే తిట్టాను. నా వంతు రానీ."

"నాకు ఇంకా నమ్మకం రాలేదు అయ్యగారూ. దేవుడి సంగతి."

"రాకపోతే రాకపోనీ. నువ్వు రా."

ఒబేదు పంచె అంచు వదిలి, ఒక్క క్షణం ఆయన తడి మోకాలికి నుదురు ఆనించాడు. తర్వాత లేచి ముక్కు తుడుచుకున్నాడు.

"రేపు పాఠం ఎన్నింటికి?"

"ఆరింటికి. నేను ప్రసంగం చేసిన ఆ వాక్యం దగ్గరే మొదలెడదాం. ఈసారి నువ్వు కుర్చీలో కూర్చో. చాప నాకు వెయ్యి."

ఇంతలో గట్టు మీద సైకిల్ బ్రేకు కీచుమంది. దానియేలు మేస్త్రి. ఒక కాలు నేల మీద ఆనించి మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. తడిసిన పాస్టరుగారు, తడిసిన శిష్యుడు, ఏడ్చి తడిసిన నేను. ఆయన్ని పిలవకుండా కాలువలోకి దిగడం మా సంఘం పుట్టాక ఎప్పుడూ జరగలేదు.

"ఏంటి అయ్యగారూ, నాకు కబురైనా లేకుండా బాప్తిస్మమా? ఎవరికి?"

"నాకే" అన్నాడు మా తమ్ముడు.

మేస్త్రి సైకిల్ దిగిపోయాడు. "ఇప్పుడా? ఈ వయసులోనా?"

తమ్ముడు ఒబేదు భుజం మీద చెయ్యి వేసి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు.

"ఆలస్యమయిందయ్యా" అన్నాడు.