హాజరు పట్టీలో మొదటి పేరు

వెనకటికి మేఘవరమనే రాజ్యాన్ని గజసింహుడు ఏలేవాడు. ఆయన విద్యాపీఠానికి పెద్ద సోమయాజులవారు. పొద్దున్నే పేరు పిలవగానే విద్యార్థి పలకాలి. వరసగా మూడు రోజులు పలకనివాడు చదువు మానుకున్నట్టేనని సోమయాజులవారి శాసనం. పట్టీలో పేరు కొట్టేస్తే తిండీ, చోటూ, చదువూ అన్నీ పోయినట్టే.

ఆ ఏడు ఏరు పొంగింది. తండ్రి మంచాన పడితే, పడవవాడి కొడుకు పోలయ్య పదకొండు రోజులు తెడ్డు వేసి ఊళ్ళకు ఊళ్ళను గట్టుకు చేర్చాడు. బొబ్బలెక్కిన అరచేతులతో తిరిగొచ్చేసరికి పట్టీలో పేరు లేదు. మానుకున్నవాడివి మళ్ళీ ఎందుకొచ్చావన్నారు సోమయాజులవారు. కారణం అడగలేదు.

పోలయ్య తాను తెచ్చుకున్న తాళపత్రాలు గౌరసానికి అప్పజెప్పి, జరిగింది చెప్పి సెలవడిగాడు. గౌరసాని రాజుగారి గ్రంథాలు చూసుకునే మనిషి. ఆకుల మీద దుమ్ము దులుపుతూ తనంతట తానే చదువు నేర్చింది. ఆమెను ఏ గురువూ పేరు పెట్టి పిలిచి పాఠం చెప్పలేదు. అలా పిలిపించుకున్నవాణ్ణి గెంటేశారంటే ఆమెకు కడుపు మండింది. రేపటిదాకా ఊరు దాటొద్దని చెప్పి పంపింది.

మర్నాడు నిండు కొలువులో ఆ సంగతి ఎత్తింది. నియమం నియమమేనని రాజు మీసం దువ్వాడు.

"ఈ నియమానికి మినహాయింపు లేదా, ఆచార్యులవారూ?" అని అడిగింది.

"పట్టీలో పేరున్న ఎవరికీ లేదు. నా కన్నకొడుకైనా సరే."

ఆ మాట లేఖకుడి చేత రాయించి, హాజరు పట్టీ తెప్పించి మొదటి ఆకు తీసింది. ఆ రాజ్యంలో ఒక ఆచారముంది. పట్టాభిషేకం నాడు రాజు విద్యాపీఠంలో మొదటి విద్యార్థిగా చేరాలి. రోజూ ముందు పిలిచేది ఆయన పేరే. పలికేవాడు లేక, సోమయాజులవారు ఒక్క క్షణం ఆగి రెండో పేరుకు పోతారు.

"ఏలినవారు పలికి ఆరేళ్ళయింది" అంటూ గంటం సోమయాజులవారి చేతిలో పెట్టింది. "కొట్టెయ్యండి."

సోమయాజులవారు గంటం కింద పెట్టేశారు.

"ప్రభువులవారు రాచకార్యాల వల్ల రాలేకపోయారు గానీ చదువు మానలేదు. మానుతున్నానని వారు ఎన్నడూ అనలేదే."

"పోలయ్య కూడా అనలేదు. రాలేకపోవడం వేరు, మానుకోవడం వేరు. మానుకునేవాడు తన నోటితో చెప్పి వెళ్తాడు. రానివాడికి ఏమైందో కనుక్కోవడానికి మనిషి వెళ్ళాలి. పదకొండు రోజుల్లో మీ పీఠం నుంచి ఒక్కరూ ఏటి గట్టు తొక్కలేదు. మరి హాజరు తప్పిందెవరండీ?"

రాజు నవ్వాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. మెడలోని హారం తీసి గౌరసానికి ఇచ్చాడు. ఇకమీదట ఆమె ఒప్పుకోనిదే పట్టీలో ఏ పేరూ కొట్టకూడదని ఆజ్ఞాపించాడు.

సోమయాజులవారు పోలయ్యను పిలిపించి, అందరూ చూస్తుండగా, అతని పేరు తన చేత్తోనే రాశారు.