చెంగన్న తవ్విన చెలమ

అనగనగా ఒక అడవిలో కాలేజీ ఉండేది. నవ్వకండర్రా, జంతువులు మాత్రం చదువుకోవద్దూ? ఎలుగుబంటి మేష్టారు దానికి ప్రిన్సిపాలు. చెంగన్న అనే కోతి ఆఖరి సంవత్సరం విద్యార్థి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండిపోయింది.

"ప్రతివాళ్లూ అడవికి ఏదో ఒక సేవ చెయ్యాలి. చేస్తేనే పట్టా," అన్నారు మేష్టారు. "చెంగన్నా, నువ్వు తాబేలవ్వకి చెలమ తవ్విపెట్టు. పాపం, పెద్ద మడుగు దాకా నడవలేకపోతోంది."

చెలమంటే తెలుసుగా? ఎండిన వాగులో ఇసుక తోడితే నీళ్లూరే గుంట.

"మార్కులెన్ని సార్?" అన్నాడు చెంగన్న. చూశారా, మొదటి మాటే మార్కులు!

"పది."

"పది మార్కులకి ఇంత ఎండలోనా!" అని గొణుక్కుంటూ వెళ్లి, గబగబా లోతుగా తవ్వేశాడు. అడుగున నీళ్లు తళతళలాడాయి. మేష్టారు చూసి పది మార్కులూ వేసేశారు. ఇంకేం, మనవాడు ఎగురుకుంటూ పోయి మామిడిచెట్టెక్కాడు. అవ్వ వచ్చిందా, తాగిందా అని అటు తిరిగి చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున్నే అటుగా వెళ్తుంటే గుంటలోంచి మూలుగు వినబడింది. తొంగిచూస్తే ఏముంది! తాబేలవ్వ అడుగున వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. చుట్టూ ఇసుక కూలి నీళ్లన్నీ బురదైపోయాయి.

"అయ్యయ్యో అవ్వా!" అంటూ దూకి, ఆమెను పైకి తెచ్చాడు. మడుగుకి పరిగెత్తి ఆకుదొన్నెలో నీళ్లు తెచ్చి తాగించాడు.

అవ్వ తేరుకుంది. "నీళ్లు కనబడగానే ప్రాణం లేచొచ్చింది నాయనా. దిగబోయి జారిపోయాను. నువ్వంటే కోతివి, ఎలాగైనా ఎక్కుతావు. ఈ పొట్టికాళ్లతో నేనెక్కగలనా? తవ్వేముందు నన్నొక్క మాట అడగొచ్చు కదరా," అంది.

తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది చెంగన్నకి. వాడికి చచ్చేంత సిగ్గేసింది.

"ఇప్పుడడుగుతున్నా అవ్వా. నీకెలా కావాలో చెప్పు."

"ఏటవాలుగా దారి తియ్యి."

తీశాడు.

"ఇంకాస్త వెడల్పు చెయ్యి."

చేశాడు.

"ఇసుక కూలకుండా చుట్టూ రాళ్లు పేర్చు."

పేర్చాడు. "అమ్మో! మేష్టారికంటే నువ్వే గట్టిదానివవ్వా!" అన్నాడు చెమట తుడుచుకుంటూ. అవ్వ కిసుక్కున నవ్వింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే వెళ్లి ఇసుక తోడందే వాడికి తోచేది కాదు.

పట్టాలిచ్చే రోజు వచ్చింది. అందరూ ముస్తాబై వచ్చారు. చెంగన్న లేడు. మేష్టారు వెతుక్కుంటూ వాగు దగ్గరికొచ్చి, చెలమకి తీసిన ఏటవాలు దారీ, పేర్చిన రాళ్లూ చూసి కేక పెట్టారు.

"ఒరేయ్ చెంగన్నా! నీకు పదికి ఇరవై వేశానురా! రా, పట్టా తీసుకో!"

చెంగన్న గబుక్కున నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

"ష్! మెల్లిగా సార్! అవ్వ నీళ్లు తాగుతోంది."

నీతి: మార్కుల కోసం చేసిన సేవ మార్కులతోనే ఆగిపోతుంది; ఎదుటివాళ్ల అవసరం అడిగి చేసిన సేవ మన మనసునే మార్చేస్తుంది.