సీతాకోక చేప ఆకలి

అనగా అనగా, సముద్రపు అలలు కోట మెట్లను తడిపే వేలాపురమనే పట్టణం. దానికి రాజు విజయకేతుడు. ఆయన సభ మధ్యలో పెద్ద గాజు తొట్టి ఉండేది. అందులో రోజూ తాజా సముద్రపు నీళ్లు పోయించి, ఏడేళ్లపాటు కంటికి రెప్పలా ఒక పగడాల తోట పెంచాడు. ఎర్రవి, ఊదావి, ఆకుపచ్చవి, ఆ పగడాలు పువ్వుల్లా విచ్చుకుంటుంటే చూడడానికి దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చేవారు.

ఒక ఉదయం జాలరులు ఉరుకుల పరుగుల మీద కోటకు వచ్చారు. వాళ్ల కుండలో ఒక సీతాకోక చేప ఉంది. అరచేయంత చేప. పసుపు ఒళ్లు, కంటి మీదుగా నల్లని చార, సన్నని మూతి. అది తిరుగుతుంటే నీళ్లలో ఎండపొడ ఆడుతున్నట్టు ఉంది.

రాజు సింహాసనం దిగి వచ్చి కుండ ముందు నేల మీదే కూర్చుండిపోయాడు. వెంటనే దానికోసం వేరే గాజు తొట్టి తెప్పించాడు. పట్టణమంతా కదిలివచ్చి దాన్ని చూసి మురిసిపోయింది.

కానీ రెండు రోజులైనా చేప ఏమీ తినలేదు. దాని పొట్ట లోపలికి పోయింది. రాజుకూ ముద్ద దిగలేదు.

"దీనిచేత తినిపించినవారికి కోరింది ఇస్తాను" అని చాటింపు వేయించాడు.

మొదట వంటశాల పెద్ద సూరప్ప వచ్చాడు.

"నా చేతి వంట వద్దన్నవాళ్లు ఈ పట్టణంలో లేరు ప్రభూ" అంటూ వెన్న కలిపిన పిండి ఉండలు వేశాడు. చేప వాటి వంక చూడనైనా లేదు. నీళ్లు మాత్రం జిడ్డెక్కాయి. మళ్లీ మార్చాల్సి వచ్చింది.

తరువాత ఆస్థాన వైద్యుడు వచ్చాడు. "ఆకలి మందగించింది, అంతే" అని ఏవో మొక్కల వేర్లు నూరి వేశాడు. చేప ఒక మూలకు పోయి ఒరిగింది.

చివరికి నూకాలు వచ్చింది. ముత్యపు చిప్పల కోసం సముద్రంలో మునిగే మనిషి.

"ఇదేం తింటుందమ్మా?" అని రాజు అడిగాడు.

"నాకు తెలియదు ప్రభూ" అంది నూకాలు.

సభలో నవ్వులు వినిపించాయి. నూకాలు లెక్కచేయలేదు.

"తెలియదు గనకే, దీని చుట్టాలు సముద్రంలో ఏం తింటున్నాయో చూసి వస్తాను" అని వెళ్లింది.

మొదటి మునకలో ఒక్క చేపా కనబడలేదు. రెండో మునకలో కనబడ్డాయి గాని, ఆమెను చూసి చెదిరిపోయాయి. మూడో మునకలో ఒక రాతిని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తనూ ఒక రాయిలా ఉండిపోయింది. అప్పుడు జంటలు జంటలుగా వచ్చాయి. సన్నని మూతులతో అవి దేన్ని పొడుచుకు తింటున్నాయో చూసింది. పైకి తేలి, తడిబట్టలతోనే కోటదాకా పరుగెత్తింది.

"తెలిసింది ప్రభూ" అంది రొప్పుతూ. "చెబితే మీకు కోపం వస్తుందేమో."

"రానీ. చెప్పు."

"పగడాల పువ్వులే దీని తిండి. మీ తోటే దీనికి అన్నం."

వైద్యుడు తల వంచుకుని, "నాకూ ఆ అనుమానం వచ్చింది ప్రభూ. మీ తోట జోలికి పోవడానికి భయపడ్డాను" అన్నాడు.

రాజు తోట వంక చూశాడు. ఏడేళ్ల కష్టం. చేప వంక చూశాడు. దాని మొప్పలు మెల్లగా, బహు మెల్లగా ఆడుతున్నాయి. ఆయన కడియాలు తీసి పక్కన పెట్టి, తోటలోకెల్లా అందమైన ఊదా కొమ్మను స్వయంగా తుంచి చేప తొట్టిలోకి దించాడు.

చేప కదిలింది. దగ్గరికొచ్చింది. ఒకసారి పొడిచింది. మళ్లీ పొడిచింది. ఇక ఆగలేదు.

"తింటోంది, తింటోంది" అంటూ సూరప్ప వైద్యుణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. రాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ కేకలు రేవుదాకా వినిపించాయట.

కానీ నూకాలు ఆలోచిస్తూ నిలబడింది. "ఇలాగైతే నెలలో తోట అయిపోతుంది ప్రభూ. దీనికి మరో తిండి అలవాటు చేద్దాం" అంది. చేప తినేసిన కొమ్మ కన్నాల్లో ఆలిచిప్పల మెత్తని మాంసం కూరింది. చేప మూతి తిప్పుకుంది. ఆమె రోజూ కూరుతూనే ఉంది. పన్నెండో రోజు పొద్దున్నే చేప ఆ మాంసాన్ని పొడిచి తింది. అప్పటికి తోట సగమే మిగిలింది.

"ఏం కావాలో కోరుకో అమ్మా" అన్నాడు రాజు.

"ఇకమీదట ఎవరూ ఈ చేపల్ని పట్టకుండా ఆజ్ఞ ఇవ్వండి. ఒక్కదాన్ని బతికించడానికే సగం తోట పట్టింది" అంది నూకాలు.

రాజు సంతోషంగా అప్పుడే ఆజ్ఞ రాయించాడు.

కాబట్టి పిల్లలూ, ఒక ప్రాణిని పెంచడమంటే మన దగ్గరున్నది పెట్టడం కాదు. దానికేం కావాలో ఓపికగా తెలుసుకుని, అది మనకెంత ప్రియమైనదైనా ఇవ్వగలగడం.