గచ్చకాయ చుట్టూ గీత

అనగనగా, ఏటి పాయ సముద్రంలో కలిసే చోట, ఒక చిన్న ఊరు. ఆ ఊరి చివర ఒక రేవు. రేవు పక్కన సున్నం కొట్టిన చిన్న చర్చి. చర్చి వెనక ఒక తాటాకుల ఇల్లు.

దుప్పటి గడ్డం దాకా లాక్కో తల్లీ. ఊఁ, అలాగ. నిన్న ప్రార్థన మధ్యలో నిద్రపోయానని, ఆమేన్ చెప్పలేదని పొద్దున్నే ఏడ్చావు కదూ? అందుకే ఇవాళ ఈ కథ.

ఆ తాటాకుల ఇంట్లో ముగ్గురు ఉండేవాళ్ళు. నాన్న ఏసోబు, అమ్మ సువార్త, కూతురు తబిత. తబితది నీ ఈడే. నీకులాగే ముందు పన్ను ఊడిపోయి ఉండేది.

ఏసోబూ, వాళ్ళన్న జక్కయ్యా కలిసి రేవులో పడవ నడిపేవాళ్ళు. జక్కయ్యకి పెళ్ళాం పిల్లలు లేరు. ఎదురింట్లో ఒక్కడే ఉండేవాడు. తబిత అంటే ప్రాణం. పడవెక్కితే చాలు, దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, "సరంగు గారూ, ఎటు పోనివ్వమంటారు?" అని అడిగేవాడు. సరంగంటే పడవ మీద పెద్ద. తబిత చెయ్యి చాపి, "ఇటు పోనీ పెదనాన్నా!" అనేది. అది ఎటు చూపిస్తే అటే గడ వేసేవాడు.

రోజూ దీపాలు పెట్టాక ఏసోబు ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఏసోబుకి ఒక అలవాటుంది. ప్రార్థనలో ఎవరినీ మర్చిపోకూడదని, ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క చింతగింజ చాప మీద పెట్టేవాడు. ఇది పాస్టరు అయ్యగారు. ఇది పక్కింటి ముసలమ్మ. ఇది నేను. ఇది సువార్త. ఇది తబిత. ఇది మన మేక.

"మేకకి కూడా ప్రార్థనా అమ్మమ్మా?"

ఎందుకు చెయ్యకూడదూ? పాలిచ్చే మేక.

జక్కయ్యకి మాత్రం చింతగింజ కాదు, గచ్చకాయ పెట్టేవాడు. బూడిద రంగులో, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. బండకేసి రుద్ది ఒంటికి అంటిస్తే చురుక్కుమంటుంది. "మా అన్న కూడా అంతే. పైకి నున్నన, రుద్దితే చురక," అని నవ్వేవాడు ఏసోబు. అన్న కూడా నవ్వేవాడు.

ఆ తర్వాత ఒకరోజు మబ్బు పట్టింది. ఏసోబు పడవ కట్టేద్దామన్నాడు. "అవతల ఒడ్డున మనుషులు నిలబడి ఉన్నారురా. ఒక్క తిరుగుడు తిరిగొచ్చేద్దాం," అన్నాడు జక్కయ్య. అన్నదమ్ములు వెళ్ళారు. నడి పాయలో గాలి కొట్టింది. పడవ తిరగబడింది. అన్న ఈదుకుంటూ వచ్చాడు. తమ్ముడు రాలేదు.

దగ్గరికి జరుగు. నా చెయ్యి పట్టుకో.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం, సువార్త చింతగింజల గిన్నె ముందు కూర్చుంది. ఏసోబు గింజ తీసి తన బైబిల్లో దాచుకుంది. అప్పుడు గచ్చకాయ కనపడింది. దాన్ని తీసి, కిటికీలోంచి వాకిట్లోకి విసిరేసింది. "ఒక్క తిరుగుడు అన్నాడు. వీడే కదా తీసుకెళ్ళాడు," అంది. ఆ రోజు నుంచి ఎదురింటి వైపు తలెత్తి చూడలేదు.

ఆ రోజు నుంచే తబిత మాట్లాడటం మానేసింది. ఆకలేస్తోందా అంటే తలూపేది. నొప్పా అంటే తల అడ్డంగా తిప్పేది. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. వైద్యుడు చూసి, "గొంతు బాగానే ఉందమ్మా. బెంగ," అన్నాడు.

సువార్తకి ఇంకో కోరిక లేదు. దాని నోట ఒక్క మాట వినాలి. అంతే. అందుకే ప్రార్థన చేసేది. కానీ సువార్త ఎలాంటిదో చెప్పాలి నీకు. పడుకోబోయే ముందు తలుపు గడియ వేసి, వేశానో లేదో అని మళ్ళీ లేచి చూసేది. మీ అమ్మలాగే. నవ్వకు, మీ అమ్మ వింటుంది. ప్రార్థన కూడా అంతే. ఒక్క మాట తడబడితే, మనసు ఒక్క క్షణం అన్నం కుండ మీదికి పోతే, ఇది దేవుడికి చేరదని మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టేది.

ముఖ్యంగా పరలోక ప్రార్థనలో ఒక చోట. ఎదుటివాళ్ళని మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు అని వస్తుంది కదా, అక్కడ. అక్కడికి రాగానే కళ్ళ ముందు జక్కయ్య కనపడేవాడు. నోరు ఆగిపోయేది. అబద్ధం చెప్పకూడదు కదా దేవుడికి? మళ్ళీ మొదటికి. మళ్ళీ అక్కడే ఆగేది. మళ్ళీ మొదటికి. అన్నం మాడిపోయేది గానీ ప్రార్థన అయ్యేది కాదు. పిల్ల కోసం అడగాల్సిన మాట దాకా సువార్త ఎప్పుడూ చేరలేదు.

తబితకి ఆటలు లేవు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వీధి అవతల ఆడవాళ్ళు ముగ్గులు వెయ్యడం చూసేది. తబిత వాళ్ళ పేటలో ముగ్గులు లేవు. కళ్ళాపి చల్లి వదిలేసేవాళ్ళు. క్రిస్మస్‌కి కాగితం నక్షత్రం కట్టేవాళ్ళు, అంతే. సువార్త పెళ్ళికి ముందు పుట్టింట్లో మెలికల ముగ్గులు బాగా వేసేది. గీత చుక్కల చుట్టూ మెలికలు తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి కలిసే ముగ్గులు. బాప్తిస్మం తీసుకున్నాక, ఇది మనకి తగదేమో అని మానేసింది. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. తనకే భయం.

ఒకరోజు పొద్దున్న సువార్త తలుపు తీసేసరికి వాకిట్లో ముగ్గుంది. వంకర టింకర గీతలు. పక్కన తబిత, చేతుల నిండా పిండి.

"ఏంటే ఇది? మనం వెయ్యకూడదు!" అని సువార్త చీపురు తెచ్చి ఊడ్చేసింది.

మర్నాడు మళ్ళీ ముగ్గు. ఈసారి రంగులు కూడా ఉన్నాయి. పసుపు, ఇటుక పొడి, ఎండిన చిక్కుడాకు నలిపిన పొడి. సువార్త గుమ్మంలోంచి చూసింది. తబిత చుక్క పెట్టే చోట చింతగింజ పెడుతోంది. పెట్టి, కళ్ళు మూసుకుంటోంది. ఆ తర్వాత దాని చుట్టూ గీత గీసి, మెల్లగా, అంచు దాటకుండా రంగు నింపుతోంది. ఆ తర్వాత ఇంకో గింజ.

ప్రార్థన గింజలతో ముగ్గా! దేవుడు కోప్పడితే? పోయిన గొంతు ఇక తిరిగి రాకపోతే? సువార్త బిందెడు నీళ్ళు తెచ్చి కుమ్మరించేసింది. రంగులన్నీ కలిసి బురదలోకి పోయాయి. తబిత ఏడవలేదు. బురదలోంచి ఒక్కొక్క గింజా ఏరి, పావడాకి తుడుచుకుంది.

అది చూసి సువార్తకి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. చర్చికి పరిగెత్తింది. పాస్టరు అయ్యగారు వరండా ఊడుస్తున్నారు.

"అయ్యగారూ, మనం ముగ్గులు వెయ్యకూడదు కదండీ?"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకే అనిపించింది. తబిత ఏసోబు గింజలు పెట్టి ముగ్గేస్తోంది. ఒక్కో గింజ దగ్గరా కళ్ళు మూసుకుంటోంది. నీళ్ళు పోసేశానండీ."

అయ్యగారి చేతిలో చీపురు ఆగిపోయింది.

"మనకి మాటలున్నాయి, మాటలతో చేస్తాం," అన్నారు. "మాట పోయిన పిల్ల ఏం పట్టుకుని దేవుడి దగ్గరికి వెళ్తుంది సువార్తా? దాని చేతిలో ఉన్నదే కదా పట్టుకెళ్తుంది."

"అది ప్రార్థనేనంటారా?"

"వాకిట్లో ఉన్నది నీ కూతురు. నన్నడుగుతావేం? రేపు దాని పక్కన కూర్చుని చూడు."

మూడో రోజు సువార్త తబితతో పాటే లేచింది. తనే కళ్ళాపి చల్లింది. చల్లి, గడప మీద కూర్చుంది. తబిత ఒకసారి అమ్మ వైపు చూసింది. చేతిలో చీపురు లేదు, బిందె లేదు. అప్పుడు కూర్చుని మొదలుపెట్టింది.

ఏసోబు పెట్టినట్టే, మొదటి గింజ అయ్యగారు. చుట్టూ గీత, లోపల పసుపు. తర్వాతి గింజ పక్కింటి ముసలమ్మ. ఆవిడ నోరెప్పుడూ తాంబూలంతో ఎర్రన, అందుకే ఇటుక పొడి. ఆ తర్వాత మేక. మేకకి ఆకుపచ్చ. సువార్త లోలోపల ఒక్కో పేరూ అనుకుంటూ ఉంది. గింజ చూస్తే పేరు తెలుస్తోంది. పేరు తెలిస్తే ఆ మనిషి కనపడుతున్నాడు. తొందరేమీ లేదు. రంగు నిండేదాకా ఆ మనిషి దగ్గరే ఉండాలి.

నడుమ ఒక గడిలో తబిత గింజ పెట్టలేదు. బట్టలకి పెట్టే నీలిమందు తెచ్చి, ఆ గడి నిండా నీలం నింపింది. ఏటి నీళ్ళ రంగు. అది ఎవరి చోటో సువార్తకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గీత తిరిగి తిరిగి గడప దాకా వచ్చింది. ఇంకొక్క మెలిక తిరిగితే మొదటికి కలుస్తుంది. అక్కడ తబిత ఆగింది. పావడా అంచు ముడి విప్పి, ఏదో తీసి, ఆ ఖాళీలో పెట్టింది.

గచ్చకాయ.

అమ్మ విసిరేసిన రోజే ఏరుకుని, ఇన్నాళ్ళూ దాచుకుంది. పెట్టి, గీత గియ్యలేదు. పిండి ఉన్న కొబ్బరిచిప్ప అమ్మ ముందుకి చాపింది.

సువార్త చెయ్యి వెనక్కి తీసుకుంది. తబిత చిప్ప అలాగే చాపి ఉంచింది. వేలితో ముందు గచ్చకాయనీ, తర్వాత గీత ఆగిన చోటునీ చూపించింది. దీని చుట్టూ తిరగకపోతే ముగ్గు కలవదు. అయ్యగారి గీతా కలవదు, మేక గీతా కలవదు, నాన్న నీలం కూడా లోపల నిలవదు.

అప్పుడు సువార్త గడప దిగింది. పిండి తీసుకుంది. గీత మొదలెట్టింది. ఎన్నేళ్ళయిందో ముగ్గేసి! పట్టు తప్పి, గీత తెగింది. "అయ్యో, పాడైపోయింది, మళ్ళీ మొదటి నుంచి..." అంటూ చెరపబోయింది.

తబిత చటుక్కున అమ్మ మణికట్టు పట్టుకుంది. చెరపనివ్వలేదు. తెగిన చోట తన వేలు పెట్టి, అక్కణ్ణించి కానివ్వమన్నట్టు చూసింది.

సువార్త అక్కణ్ణించే గీసింది. "బావగారిని..." అంది. ఆగింది. తెగింది. అక్కణ్ణించే మళ్ళీ గీసింది. "ప్రభువా, మా బావగారిని... ఆయన మాత్రం కావాలని తీసుకెళ్ళాడా..." గీత గచ్చకాయ చుట్టూ తిరిగింది. మూడు చోట్ల తెగినా, వచ్చి మొదటి గీతతో కలిసింది. లోపల ఏ రంగు నింపాలో తెలియలేదు. కళ్ళలోంచి నీళ్ళు పడి పిండి తడిసింది. అదే రంగు.

జక్కయ్య రోజూ పొద్దున్నే ఒక కట్టెలమోపు తెచ్చి వాళ్ళ కంచె పక్కన పెట్టి పోయేవాడు. సువార్త ఒక్క పుల్ల కూడా ముట్టుకునేది కాదు. అయినా తెచ్చేవాడు. ఆ రోజు కూడా మోపు దించి తలెత్తాడు. వాకిట్లో రంగులు. రంగుల అంచున తన గచ్చకాయ. దాని చుట్టూ గీత. గీత పక్కన సువార్త.

"బావగారూ," అంది సువార్త. గడప వైపు చెయ్యి చూపించింది. "లోపలికి రండి."

జక్కయ్య కళ్ళ నిండా నీళ్ళు. ఏమీ కనపడలేదు. కంచె దాటి, తిన్నగా అడుగేశాడు. ఇంకో అడుగేశాడు. మూడో అడుగు ఎత్తాడు. కింద నీలం గడి.

"తొక్కకు పెదనాన్నా!"

జక్కయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయాడు, ఒంటికాలి మీద కొంగలాగా. సువార్త చటుక్కున తబిత వైపు తిరిగింది. రేవులో కాకులు కూడా అరవలేదు తల్లీ.

జక్కయ్య కాలు దించలేదు.

"మరి ఎటు రమ్మంటారు, సరంగు గారూ?"

తబిత లేచి నిలబడింది. పసుపూ నీలం అంటిన చెయ్యి చాపింది.

"ఇటు. అంచు పట్టుకుని మెల్లగా రా."

అలాగే వచ్చాడు. ఆ రోజు పొయ్యిలో అతను తెచ్చిన కట్టెలే మండాయి. రాత్రి ప్రార్థనలో చాప మీద గచ్చకాయ ఉంది. సువార్త తడబడింది. మనసు ఒకసారి కుండ మీదికి పోయింది కూడా. వెనక్కి వెళ్ళలేదు. ఎక్కడ తెగిందో అక్కణ్ణించే అంది. ఆఖర్న ఆమేన్ తబిత చెప్పింది.

"మరి ముగ్గు అమ్మమ్మా?"

సాయంత్రం గాలికి పోయింది. మర్నాడు మళ్ళీ వేశారు, అమ్మా కూతురూ ఇద్దరూ.

నీ కళ్ళు మూతలు పడుతున్నాయి. ప్రార్థన మొదలెట్టు. మధ్యలో నిద్రొస్తే పడుకో. ఎక్కడ ఆగిందో రేపు అక్కణ్ణించి గీద్దాం.

చుక్కకి చుక్క చుట్టం,
తెగినా గీత చెరపం,
రంగులు పోయె గాలికి,
పేర్లు చేరె పైకి,
కథ నడిచె కంచికి,
కన్ను నడిచె నిద్రకి.