ఎడమ సీటు బరువు

మదనపల్లెలో మునిరత్నం అనే మోటారు పంపుల వ్యాపారి ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నా, పక్కవాణ్ణి లెక్కలో వేసుకునే అలవాటు మాత్రం అతనికి లేదు.

అతనికి ఒక చిన్న స్పోర్ట్స్ కారు ఉండేది. దానికి పైకప్పు లేదు. సీట్లు రెండే. బెంగుళూరులో పాతది కొని, అంతా విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకున్నాడు. ఏటా చలికాలంలో తేనెబండ కొండ దారి మీద కార్ల పందెం జరిగేది. కార్లు ఒకదాని తర్వాత ఒకటి కొండ ఎక్కాలి. అందరికంటే తక్కువ సమయంలో పైకి చేరినవాళ్లదే గెలుపు. ప్రతి కారులోనూ ఇద్దరు ఉండాలన్నది నియమం. ఒకరు నడపాలి, ఇంకొకరు పక్కన కూర్చుని ముందు రాబోయే మలుపులు చెప్పాలి. మునిరత్నం నడిపేవాడు. అతని భార్య కుసుమ తమ్ముడు రెడ్డప్ప మలుపులు చెప్పేవాడు.

రెడ్డప్ప టమాటా మండీ నడిపేవాడు. మనిషి భారీగా ఉండేవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆ కొండ దారిని కాలినడకన ఎన్నోసార్లు ఎక్కి ప్రతి మలుపునూ కంఠస్థం చేశాడు. కొండ ఎక్కేటప్పుడు లోయ ఎడమ పక్కన ఉంటుంది. ఎడమ సీటు రెడ్డప్పది. ఏ పొరపాటు జరిగినా లోయకు దగ్గరగా ఉండేది అతనే. అయినా ఎప్పుడూ వెనకాడలేదు. బావ చేతుల మీద అతనికి అంత నమ్మకం.

వరుసగా రెండేళ్లు వాళ్లు రెండో స్థానంలోనే ఆగిపోయారు. ఎందుకో మునిరత్నానికి తెలుసు. కారు స్ప్రింగులు మెత్తబడ్డాయి. షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారుతోంది. మలుపు తిరిగితే కారు పడవలా ఊగేది. ఈసారి కొత్తవి వేయాలని నిశ్చయించుకుని బెంగుళూరు వెళ్లాడు.

అక్కడ దుకాణదారు మూడు రకాలు చూపించాడు. మొదటిది కారును నేలకు అంటుకునేంతగా దించుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఒక్క గుంత తగిలితే అడుగు భాగం గీసుకుపోతుంది. రెండోది మరీ గట్టిది. నున్నటి ట్రాకు మీద తప్ప పనికిరాదు. మూడోది మధ్యరకం. దాని ఒంటికి బోల్టుకు ఉన్నట్టు మరలు ఉంటాయి. మరల మీద ఒక రింగు ఉంటుంది. రింగు తిప్పితే కారు ఆ మూలన లేస్తుంది, లేదా దిగుతుంది. మునిరత్నం మూడోదే తీసుకున్నాడు. ఆ ఎంపికలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

డబ్బాలు కడుతూ దుకాణదారు, కారులో ఎంతమంది కూర్చుంటారని అడిగాడు.

"నడిపేది నేనొక్కణ్ణే" అన్నాడు మునిరత్నం.

దుకాణదారు అడిగింది అది కాదు. కానీ అతను మళ్లీ అడగలేదు.

కొత్త స్ప్రింగులు బిగించడానికి రెడ్డప్ప మండీ షెడ్డు అనువైన చోటు. అక్కడ నేల సమంగా ఉంటుంది. టమాటాలు తూచే కాటాలు ఉంటాయి. మునిరత్నం పాతవి విప్పి కొత్తవి ఎక్కించాడు. కారు జాకీల మీద ఉండగా బోల్టులు వదులుగానే ఉంచాడు. చక్రాలు నేలకు ఆని, కారు బరువంతా వాటి మీద పడిన తర్వాతే గట్టిగా బిగించాడు. అలా చేయకపోతే లోపలి రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. ఆ సంగతి తెలిసిన మనిషి అతను.

తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టారు. నాలుగు మూలలా బరువు సరిగ్గా పడేలా రింగులు తిప్పాలి. మునిరత్నం స్టీరింగు ముందు కూర్చున్నాడు. రెడ్డప్ప నేల మీద పడుకుని, బావ చెప్పినట్టు రింగులు తిప్పాడు. టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య అన్ని పక్కలా వేలు దూరేంత సందు మిగిలింది. కాటాల మీద అంకెలు సరిపోయాయి.

రెడ్డప్ప లేచి చొక్కా దులుపుకున్నాడు.

"బావా, నేను కూడా ఎక్కి కూర్చుంటాను. ఒకసారి చూద్దాం."

"నువ్వు ఎక్కితే రింగులు ఎవరు తిప్పుతారు?"

"నా బదులు ఆ సీట్లో టమాటా క్రేట్లు పెట్టు. నా బరువుకు మూడు చాలు."

పక్కనున్న హమాలీలు నవ్వారు. మూడు కాదు, నాలుగు పెట్టాలన్నాడు ఒకడు. మునిరత్నం కూడా నవ్వాడు.

"పందేనికి వెళ్తున్నామా, సంతకు వెళ్తున్నామా? నువ్వు దారి చెప్పు చాలు. బండి సంగతి నాకు వదిలెయ్."

రెడ్డప్ప కాటాలు తీసి యథాస్థానంలో పెట్టించాడు.

పందేనికి ముందు మునిరత్నం రోజూ తెల్లవారుజామున కొండ మీద సాధన చేశాడు. ఆ వేళలో మండీలో వేలంపాట ఉంటుంది కాబట్టి రెడ్డప్ప రాలేకపోయేవాడు. కారు ఎక్కడా ఊగలేదు. గీత గీసినట్టు మలుపులు తిరిగింది. తాను చేసిన పని సరైనదేనని మునిరత్నానికి గట్టి నమ్మకం కుదిరింది. ఒక్కడే కూర్చుని నడిపితే అది నిజంగానే సరైన పని.

పందెం రోజు వచ్చింది. కుసుమ కూడా కొండ కిందికి వచ్చింది. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకున్నారు. మునిరత్నం ఎక్కాడు. తర్వాత రెడ్డప్ప ఎక్కాడు. కుసుమ ఎదురుగా నిలబడి చూస్తోంది.

"ఏమండీ, తమ్ముడు ఎక్కగానే కారు ఎడమకు ఒరిగింది. ఆ పక్క టైరు మీద సందే లేదు" అంది.

"మీ తమ్ముడు పొద్దున ఇడ్లీలు ఎన్ని తిన్నాడో అడుగు" అన్నాడు మునిరత్నం.

రెడ్డప్ప బెల్టు బిగించుకున్నాడు. జెండా ఊపారు. కారు బయలుదేరింది.

మొదటి మలుపులు బాగానే సాగాయి. రెడ్డప్ప ఒక్కొక్కటే చెబుతున్నాడు, మునిరత్నం తిప్పుతున్నాడు. తర్వాత కుడికి గట్టిగా తిరిగే మలుపు వచ్చింది. కారు కుడికి తిరిగితే బరువు ఎడమకు పడుతుంది. ఎడమ పక్క ముందే దిగి ఉంది. టైరు మడ్‌గార్డుకు తగిలి గరగరమంది.

"బావా, నా పక్క టైరు రాసుకుంటోంది. కాస్త తగ్గించు."

"నువ్వు దారి చెప్పు."

రెడ్డప్ప దారి చెప్పాడు. మళ్లీ కుడి మలుపు వచ్చింది. మళ్లీ అదే చప్పుడు. ఈసారి రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. ఆ వాసన మునిరత్నానికీ తెలిసింది. కానీ పోయినేటి కంటే ముందున్నామని కూడా అతనికి తెలుసు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయలేదు.

మూడో కుడి మలుపులో ఎడమ టైరు పేలిపోయింది. కారు తిరగలేదు. నేరుగా జారి లోయ అంచున ఉన్న పిట్టగోడను కొట్టి, దాన్ని విరగ్గొట్టుకుని ఆగింది. ఎడమ పక్క చక్రాలు రెండూ లోయ మీద గాలిలో ఉన్నాయి. కారు అడుగు భాగం అంచు మీద ఆనింది. దుమ్ము తగ్గాక చూస్తే రెడ్డప్ప సీటు కింద నేల లేదు. గోడకు తగిలి అతని ఎడమ చెయ్యి విరిగింది.

మునిరత్నం గబగబా బెల్టు విప్పాడు. దిగి రోడ్డు వైపు నుంచి బావమరిదిని లాగాలని తలుపు తెరవబోయాడు. కారు ఎడమకు కదిలింది.

"బావా, దిగకు" అన్నాడు రెడ్డప్ప. ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నాడు. "ఇప్పుడు నన్ను ఆపుతున్నది నీ బరువే. నువ్వు లేస్తే నేను కిందికి పోతాను."

మునిరత్నం మళ్లీ సీటుకు ఆనుకున్నాడు. కదలకుండా కూర్చున్నాడు. బండి సంగతి తనకు వదిలెయ్యమని అతను ఈసారి అనలేదు.

మలుపు దగ్గరున్న వాలంటీర్లు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు కుడి తలుపు మీద బరువు వేసి నిలబడ్డారు. మిగతావాళ్లు తాడు తెచ్చి కారును రోడ్డు పక్క బండరాతికి కట్టారు. అప్పుడు రెడ్డప్ప ఒంటి చేత్తో బెల్టు విప్పుకుని, బావ మీదుగా పాకుతూ బయటికి వచ్చాడు. ఆ కాసేపూ అతని ఒళ్లంతా మునిరత్నం గుండెల మీద ఆనింది. ఊపిరి ఆడలేదు. రెడ్డప్ప బరువెంతో మునిరత్నానికి అప్పుడు తెలిసింది.

కారు మెల్లగా రోడ్డు వైపు ఒరిగి కుదురుకుంది. ఆఖరున మునిరత్నం దిగాడు. రోడ్డు మీద రెడ్డప్ప పక్కనే కూర్చున్నాడు.

ఆసుపత్రిలో రెడ్డప్ప చేతికి కట్టు కట్టారు. కుసుమ తమ్ముడి పక్కన కూర్చుంది. మొగుడి వైపు చూసింది.

"నేను చెప్పింది ఇడ్లీల సంగతి కాదు" అంది.

మునిరత్నం తల వంచుకున్నాడు.

మరుసటి చలికాలానికి కారు మళ్లీ మండీ షెడ్డులోకి వచ్చింది. కాటాలు పెట్టారు. ఈసారి మునిరత్నం తన సీటులో తన బరువుకు సరిపడా టమాటా క్రేట్లు పెట్టించాడు. రెడ్డప్పను ఎడమ సీటులో కూర్చోబెట్టాడు. తాను నేల మీద వెల్లకిలా పడుకుని రింగులు తిప్పాడు. యజమాని స్థానంలో టమాటాలు కూర్చున్నాయని హమాలీలు ఎగతాళి చేశారు. అవి అయితే ఎదురు మాట్లాడవులే అన్నాడు రెడ్డప్ప. మునిరత్నం వినిపించుకోలేదు. అంకెలు సరిపోయాక కూడా లేవలేదు.

"ఎలా ఉంది రెడ్డప్పా?" అని అడిగాడు. బండి గురించి అతను రెడ్డప్పను అడగడం అదే మొదలు.

"ఈ పక్క ఇంకొంచెం ఎత్తు బావా" అన్నాడు రెడ్డప్ప.

మునిరత్నం ఎత్తాడు.

ఆ ఏడు వాళ్లు పందెం గెలవలేదు. మూడో స్థానంలో వచ్చారు. కానీ టైరు ఎక్కడా రాసుకోలేదు, ఇద్దరూ క్షేమంగా కొండపైకి చేరారు.

నీతి: ఇద్దరు ఎక్కే బండిని ఇద్దరి బరువుతోనే సరిచూడాలి, పక్కన కూర్చున్నవాణ్ణి లెక్కలో వేసుకోనివాడు ఎంత పనిమంతుడైనా గమ్యం చేరడు.