రెండు సగాల దారి

బీరప్ప తాతను ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. మగ్గం ముందు కూర్చుని కంబళి నేస్తూ, అవతలివాడు చెప్పేదంతా ఓపిగ్గా విని, చివరికి ఏదో ఒక పని పురమాయించేవాడు. దేవుడెక్కడున్నాడని అడిగిన ఒకాయన చేత గొర్రెల దొడ్డి ఊడ్పించాడు. కోపం ఎట్లా పోతుందని అడిగిన ఇంకొకాయనను చిక్కుపడ్డ ఉన్ని విడదీయమని కూర్చోబెట్టాడు. జవాబు దొరికినవాళ్ళు ఎంతమందో తెలీదు గానీ, తాత ఇంట్లో పని మాత్రం ఎన్నడూ ఆగలేదని శిష్యులే చాటున నవ్వుకునేవారు. ఆ నవ్వేవాళ్ళలో తిప్పేస్వామి ఒకడు. తన వంతు వచ్చేదాకా అతనూ బాగానే నవ్వాడు.

ఆ ఏడు వానలు ఇంకా మొదలుకాలేదు. తిప్పేస్వామి ఒక పొద్దున వచ్చి మగ్గం పక్కన గొంతుక్కూర్చుని, నేల చూపులు చూస్తూ అడిగాడు. "తాతా, తప్పు వాడిది. అయినా ముందు నేనే పలకరించాల్నా?"

వాడంటే ఎవరో తాతకు తెలుసు. ఈరన్న, తిప్పేస్వామికి ఒక్కగానొక్క తమ్ముడు. అన్నదమ్ములిద్దరి ఇళ్ళూ ఊరికి దూరంగా, చేల మధ్యన పక్కపక్కనే ఉండేవి. తారురోడ్డు నుంచి ఆ ఇళ్ళ వాకిళ్ళ దాకా వాళ్ళ నాయన ఎర్ర గరుసు మట్టి తోలించి పొడుగాటి దారి వేశాడు. వాన నీళ్ళు నిలవకుండా దారి నడుమ కాస్త ఎత్తు ఉంచి, రెండు పక్కలకీ వాలు పెట్టాడు. ఆయన పోయాక పంపకాలకు పెద్దమనుషులు కూర్చున్నప్పుడు, అమ్మ వెండి వడ్డాణం అన్నే దాచేశాడని ఈరన్న అందరి ముందూ అన్నాడు. దొంగ అని కూడా నోరు జారాడు. తీరా చూస్తే ఆ వడ్డాణాన్ని తల్లే తాను బతికుండగా కూతురికి ఇచ్చిందని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా ఈరన్న వచ్చి ఒక్క మాట అనలేదు. అది సిగ్గో, మొండితనమో, రెండూనో! అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పొలం పంచుకున్నట్టే దారినీ నిలువునా పంచుకుని, నడుమ సున్నం పూసిన పొట్టి రాళ్ళు వరసగా పాతించారు. దారిని ఈ చివర నీది, ఆ చివర నాది అని పంచుకున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటారేమో గానీ, ఒక చక్రం నీది, ఒక చక్రం నాది అని పంచుకున్న మహానుభావులు మాత్రం వీళ్ళిద్దరే.

తాత నేత ఆపకుండానే, "మీ దారి ఎట్లుంది?" అని అడిగాడు.

"యాడ జూసినా గుంతలే తాతా."

"వానలు రాకముందే బాగుచేసుకుని రా. అప్పుడు చెప్తా."

ఇంతేనా అనుకుంటూ తిప్పేస్వామి ఉత్సాహంగానే వెళ్ళాడు. పని అంటే వెనకాడే మనిషి కాదు. బండ్ల మీద కొత్త గరుసు తోలి, పారతో పరిచి, నీళ్ళు చల్లాడు. ఎద్దుల వెనక తుమ్మ మొద్దు ఒకటి గొలుసుతో కట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగించాడు. దిమ్మిస పట్టి అణగ్గొట్టాడు. చేసిందంతా తన సగమే. ఆ సగాన్ని కూడా తన పక్క ఎత్తుగా, తమ్ముడి పక్కకు వాలుగా చేశాడు. ఏటా అట్లాగే చేసేవాడు. ఈరన్న మాత్రం తక్కువ తిన్నాడా, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ తన సగాన్ని ఇటు వాల్చేవాడు. ఆ ఏడు కామెర్లు పట్టుకుని పార ముట్టలేకపోయాడు.

మొద్దు లాగుతున్న రోజున ఈరన్న కంబళి కప్పుకుని బయటికి వచ్చాడు. కళ్ళు పచ్చబడిపోయాయి, మనిషి సగానికి సగమయ్యాడు. రాళ్ళకు అవతల నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి ఎద్దు వైపు తిరిగి, "ఏం బసవన్నా, ఇంత ఎండలో ఏం తొందర? కాసేపు నీడన నిలబడి నీళ్ళు తాగకూడదా?" అన్నాడు. మాటల్లేని ఆ రెండు ఇళ్ళలో ఏదైనా చెప్పాల్సి వస్తే ఎద్దుకో కుక్కకో చెప్పడం అలవాటే. ఆ మాట తనకేనని తిప్పేస్వామికి తెలుసు. చెంబెడు నీళ్ళు తీసుకుని తమ్ముడి వైపు రెండడుగులు వేస్తే సరిపోయేది. కానీ, చెప్పేదేదో నాకే చెప్పొచ్చు కదా, దొంగ అన్నప్పుడు ఎద్దుతో చెప్పలేదే అనుకుని, పగ్గం విదిల్చి ముందుకు పోయాడు. ఈరన్న ఇంకాసేపు అక్కడే నిలబడి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పని ముగిశాక తిప్పేస్వామి తాత దగ్గరికి వచ్చాడు. "చేసినా తాతా. అద్దం మాదిరి ఉంది."

"మొత్తమా?"

"నా సగం."

తాత "ఊఁ" అని మళ్ళీ కంబళి మీదికి వంగాడు. తిప్పేస్వామి కొంచెం నొచ్చుకుని, నా పని నేను చేసినా కదా అని గొణుక్కుంటూ ఇంటిదారి పట్టాడు.

ఆ ఏడు వానలు ఎన్నడూ లేనంతగా పట్టుకున్నాయి. తిప్పేస్వామి సగం మీద చుక్క నీరు నిలవలేదు. నీళ్ళన్నీ రాళ్ళ సందుల్లోంచి ఈరన్న పక్కకు దూకి, గరుసంతా కోసేసి, మోకాటి లోతున కాలవలాంటి వంక చేశాయి. ఆ వానల్లోనే ఒక తెల్లవారుజామున ఈరన్న ప్రాణం పోయింది. అతని భార్య కరియమ్మ పెట్టిన కేక విని తిప్పేస్వామి పరుగున వెళ్ళాడు. అన్నేళ్ళ తర్వాత తమ్ముడి గడప తొక్కాడు. తొక్కేసరికి లోపల పలకరించడానికి మనిషి లేడు.

శవాన్ని తీసుకుపోయే బండి తారురోడ్డు మీదే ఆగిపోయింది. ఆ వంకలో చక్రం దిగితే మళ్ళీ పైకి రాదన్నాడు డ్రైవరు. అంతదూరమూ పాడెను భుజాల మీదే మోయాల్సి వచ్చింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు నిలబడ్డారు. తిప్పేస్వామి ముందు వైపు, అలవాటు కొద్దీ తన సగం మీదే నిలబడి భుజం పెట్టాడు. కాస్త ముందుకు నడిచారో లేదో పాడె ఒరిగిపోయింది. ఇటువాళ్ళు ఎత్తున ఉన్నారు, అటువాళ్ళు వంకలో ఉన్నారు. కట్టిన తాళ్ళలోనే ఈరన్న జారి ఆ పక్కకు ఒత్తిగిలిపోయాడు. "అయ్యో, పడిపోతాడు, పట్టుకోండయ్యా!" అని కరియమ్మ గుండెలు బాదుకుంది.

తిప్పేస్వామి మోకాళ్ళు వంచాడు. పాడె సమంగా వచ్చేదాకా వంచి, వెనకవాణ్ణి కూడా అట్లాగే నడవమన్నాడు. తారురోడ్డు దాకా ఆ పొడుగాటి దారంతా అట్లా వంగే నడిచాడు. తొడలు వణికిపోతుంటే, భుజం మార్చుకుంటామని ఎవరో ముందుకొచ్చారు. వినలేదు. నడుస్తూ నడుస్తూ మాట్లాడసాగాడు. "భయపడొద్దురా ఈరా, నేనుండా. నీ పక్కంతా కోసుకపోయిందిరా, చేసింది నేనే. ఆ పొద్దు నీళ్ళు తాగమంటివి, ఇనపడనట్టు పోతిని. వడ్డాణం మాట ఎప్పుడో మర్సిపోయినారా, వొట్టు, మర్సిపోయినా." పాడె వెనకాలే నడుస్తున్న బీరప్ప తాతకు ఆ మాటలన్నీ వినిపించాయి. మోస్తున్నవాళ్ళు తలలు దించుకుని నడిచారు.

మరునాడు తాత వచ్చేసరికి తిప్పేస్వామి దారి మీదే ఉన్నాడు. మైలలో పార పట్టకూడదని ఇంట్లోవాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా, సున్నపు రాళ్ళన్నిటినీ పెళ్ళగించి వంకలో పడేశాడు. తాను అంత కష్టపడి పరిచిన గరుసునే తవ్వి ఆ రాళ్ళ మీద కప్పుతున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. తాతను చూడగానే పార విసిరేసి, అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఆ పొద్దే నోరు తెరిచి, పోరా, పోయి వాణ్ణి పలకరించు అని చెప్పింటే నీ సొమ్మేం పోయేది తాతా? నీ మాట నేను ఎన్నడన్నా కాదన్న్యానా?"

తాత అతని పక్కనే గరుసులో చతికిలబడ్డాడు. ఆయన కళ్ళూ తడిశాయి. తిప్పేస్వామి వీపు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అన్నాడు.

"నిన్న దారి పొడుగునా వానితో మాట్లాడుకుంటానే వస్తివి కదా నాయనా. ముందు ఎవరు పలకరించల్లని నన్ను అడగకపోతివేం?"