బాలింత కాయానికి అడ్డుపడ్డ తాటాకు

మణికుప్పం రాజు విజయకేతుడికి ముచ్చట పుట్టిందంటే తెల్లారేసరికి అది జరిగిపోవాల్సిందే. కోటలో పనిచేసేవాళ్ళెవరూ బజారుకు డబ్బుల సంచి మోసుకెళ్ళకూడదని ఒకనాడు ఆయనకు అనిపించింది. తలా ఒకటి, పేరు చెక్కిన రాగిబిళ్ళ ఇప్పించాడు. బిళ్ళ చూపిస్తే చాలు, అంగడివాడు సరుకు ఇచ్చేస్తాడు. ఆ సొమ్ము జీతంలో పట్టుకుంటారు. ఎంత సుఖమో చూడండి!

సుఖం ఉన్నచోటికి దొంగ రాకుండా ఉంటాడా? ఎవడో ఒక బిళ్ళ కాజేసి, పట్టుచీరలు మూటగట్టుకుపోయాడు.

"ఇక ఒక్క దొంగ కూడా కొనడానికి వీల్లేదు!" అన్నాడు రాజు.

"నాకొదిలెయ్యండి ప్రభూ," అన్నాడు కోశాధికారి పుండరీకయ్య, మీసం దువ్వుకుంటూ.

ప్రతి అంగడి ముందూ ఒక బంటును నిలబెట్టాడు. కోటవాళ్ళలో ఎవరు ఏం కొంటారో తాటాకుల మీద రాయించి ఆ బంట్ల చేతికిచ్చాడు. ఆకులో ఉన్నది కొంటే సరే. లేనిది కొన్నారో, ఆకులోనే రాయించిన ఇంటి గుట్టు ఒకటి అడగాలి; తప్పు చెప్తే బిళ్ళ లాక్కోవడమే.

వంటశాలలో పప్పు రుబ్బే నూకాలు ఒక బుధవారం పొద్దున్నే మందుదినుసుల అంగడికి పరుగెత్తింది. కూతురు ప్రసవించి మూడో రోజు. బాలింతకు కాయం పెట్టాలి. శొంఠి, పిప్పళ్ళు, వాము అడిగి, బిళ్ళ చూపించింది.

బంటు ఆకు తిరగేశాడు. "నీ పేరు మీద పసుపు, ఇంగువ తప్ప ఏమీ లేవే! ఈ పిప్పళ్ళేంటి?"

"బిడ్డ పుట్టింది బాబూ."

"అది ఇక్కడ రాయలేదు. నువ్వు నిజంగా నూకాలువే అయితే, మీ ఇంటి మొదటి గేదె పేరు చెప్పు."

"గేదెకు పేరేంటయ్యా! 'హేయ్' అంటే వచ్చేది."

"తప్పు. మీ ఆయన 'లచ్చి' అని రాయించాడు. నువ్వు నూకాలువి కాదు!" అని బిళ్ళ లాగేసుకున్నాడు.

ఇంటిదగ్గర బాలింతకు ఒళ్ళు చల్లబడుతుందేమోనని నూకాలు భయపడింది. అయినా ఏడుస్తూ కూర్చునే మనిషా ఆవిడ? నేరుగా రాజసభకు వెళ్ళింది.

"పట్టుబడ్డావటగా!" అని నవ్వాడు పుండరీకయ్య. "నా తాటాకును దాటి ఈగ కూడా పోదే!"

"ఈగ పోదయ్యగారూ. దొంగ పోతాడు."

రాజు ముందుకు వంగాడు. "చూపించగలవా? చూపిస్తే నీ బిళ్ళ నీకిస్తాను. లేకపోతే బిళ్ళా లేదు, కొలువూ లేదు."

కొలువు కూడానా! అయినా నూకాలు వెనక్కి తగ్గకుండా, "అయ్యగారి బిళ్ళ నాకిప్పించండి మారాజా. బంటుకు మాత్రం ముందుగా కబురు పోకూడదు," అంది.

పుండరీకయ్య పకపకా నవ్వి బిళ్ళ ఆమె చేతిలో పడేశాడు. "నా బిళ్ళతో నువ్వు ఆవగింజ కూడా కొనలేవు, పో!"

ఎంతోసేపు పట్టలేదు, నూకాలు పొట్లంతో తిరిగొచ్చింది. రాజు ఆ బంటును పిలిపించాడు.

"ఈవిణ్ణి ఎలా వదిలావురా?"

"ఈవిణ్ణా? కోశాధికారి గారిని కదా ప్రభూ! వారి ఆకులో ఉన్నదే కొన్నారు. దండం పెట్టి పంపించాను."

"పొద్దున ఈవిడ బిళ్ళే కదరా లాక్కున్నావు?"

"చిత్తం. పొద్దున ఈమె నూకాలు కాదని తేలింది. ఇప్పుడు కోశాధికారి అని తేలింది. మొహం చూడమని మాకు ఆజ్ఞ లేదు ప్రభూ!"

సభలో కిసకిసలు మొదలయ్యాయి. పుండరీకయ్య మొహం ఎర్రబడింది. "నేనేం కొంటానో దీనికెలా తెలిసింది?"

"బుధవారం బుధవారం నేను పసుపుకు వెళ్తే, మీరూ ముసుగేసుకుని వస్తారుగా అయ్యగారూ. బిళ్ళ కాజేసేవాడు నాలుగు వారాలు మీ వెనకాల తిరగలేడా?"

అని రాజు వైపు తిరిగింది.

"తెలివైన దొంగ మనం రోజూ కొనేదే కొంటాడు మారాజా. కొత్తది కొనేది, ఇంట్లో మంచో చెడో జరిగినవాళ్ళు."

రాజు తల పంకించాడు. కాసేపటికి ఆయన చూపు పొట్లం మీద పడింది. "ఇంతకీ అందులో ఏముంది?"

"ప్రభూ, అది నా సొంత..." అని పుండరీకయ్య లేవబోయేలోపే పొట్లం విప్పేశారు.

జుట్టుకు వేసుకునే నల్లరంగు!

"నాలా నెయ్యి తినండి, అరవై దాటినా జుట్టు నెరవదు," అని సభలో అందరికీ బోధించే పుండరీకయ్య తలపాగాను చెవులదాకా లాక్కున్నాడు. సభ సభంతా గొల్లుమంది. రాజుకు నవ్వీ నవ్వీ పొట్ట నొప్పెట్టింది.

"నూకాలూ, నీ బిళ్ళ నీదే. నెలరోజుల కాయానికి సరిపడా దినుసులు, బెల్లం, కుండెడు నెయ్యి నా కొట్టునుంచి తీసుకెళ్ళు."

"అంత నేనెలా మొయ్యను మారాజా?"

"నువ్వెందుకు మొయ్యాలి?" అన్నాడు రాజు, కళ్ళు తుడుచుకుంటూ. "పుండరీకయ్యా, నెయ్యి సంగతి నీకు బాగా తెలుసుగా. ఆ కుండ ఎత్తుకో!"